ఆరు నెలలు కదలని బండ్లు: నా అనుభవం

2022 జూన్ మొదటి వారంలో మా అమ్మాయి కాన్పు కోసం మేమిద్దరం అమెరికాకు బయలుదేరినప్పుడు, హనుమకొండలోని మా ఇంట్లో రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి 2016లో కొన్న చిన్న పెట్రోల్ కారు. రెండోది నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన రోజుల్లో ఏళ్ల తరబడి నడిపిన వంద సీసీ మోటార్ సైకిలు. ఆరు నెలలపాటు ఇల్లు ఎట్లా ఉంటుందోనని పది రకాలుగా ఆలోచించి, గ్యాసు నుంచి నల్లా దాకా అన్నీ కట్టేసి, పాలవాడికీ పేపరువాడికీ చెప్పి వెళ్లినవాణ్ని, బండ్ల గురించి మాత్రం అరగంట కూడా ఆలోచించలేదు. నడిపితే కదా అరిగేది, నిలబెట్టిన బండికి ఏమవుతుందనే ధీమా ఉండేది. కారును పోర్టికో అంచున వేపచెట్టు కిందికి సగం వచ్చేలా నిలిపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, వాన పడకుండా నీలిరంగు ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు వైపులా తాడుతో బిగించి కట్టాను. పక్కింటి అబ్బాయికి తాళంచెవి ఇచ్చి, ప్రతి ఆదివారం ఒక ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యమని చెప్పాను. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో తిరిగి వచ్చిన మరునాడు ఉదయం పట్టా విప్పాను. వాన పడి వారాలు గడిచిపోయినా, పట్టా లోపలి వైపు నీటి చుక్కలు వరుసగా అంటుకొని ఉన్నాయి. కారు పైకప్పు మీద, బానెట్ మీద పట్టా ఆనుకున్న చోటల్లా పెయింటు తెల్లబారి, రెండు మూడు చోట్ల చిన్న పొక్కుల్లా లేచింది. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తాళంచెవితో తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన గుప్పున వచ్చింది. స్టీరింగ్ మీద, గేర్ రాడ్ పిడి మీద, సీటు బెల్టుల పొడవునా తెల్లని బూజు పట్టింది. చేతులు తగిలే చోట్లలోనే బూజు ఎక్కువగా ఉండటానికి కారణం చెమట, నూనె మరక అని తర్వాత తెలిసింది. టైర్లలో గాలి ఎంత తగ్గిందంటే, నేలకు ఆనిన చోట అవి పొంగి పక్కలకు వాలిపోయాయి.

బానెట్ ఎత్తినప్పుడు చూసినది ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఇంజను మీద, బ్యాటరీకీ ఎయిర్ ఫిల్టర్ డబ్బాకూ మధ్య ఉన్న సందులో, ఎలుకలు గూడు కట్టాయి. బానెట్ అడుగున ఉండే నల్లటి మెత్తను పీచు పీచుగా పీకి, దానిలో వడ్ల పొట్టు, పల్లికాయ తొక్కలు, పట్టా తాడు పోగులు కలిపి, అరచేయంత గుండ్రని పడక తయారుచేశాయి. దాని పక్కగా ఇంజెక్టర్లకు వెళ్లే వైర్ల కట్ట మీద పైతొడుగు మూడు అంగుళాల మేర కొరికేసి ఉంది. ఉదయపు ఎండలో లోపలి రాగి పోగులు కొత్త నాణెంలాగా మెరుస్తున్నాయి. రెండు వైర్లు పూర్తిగా తెగిపోయాయి. ఆ వడ్ల పొట్టు ఎక్కడిదో ఆలోచించాల్సిన పని లేదు. పరకాల దగ్గరున్న మా ఊరి నుంచి వచ్చిన వడ్ల బస్తాలు, బియ్యం బస్తాలు పోర్టికో మూలనే, కారుకు నాలుగు అడుగుల దూరంలో పేర్చి వెళ్లాను. ఎలుకలకు తిండి ఒకవైపు, చీకటి గది మరొకవైపు నా చేతులతో నేనే అమర్చినట్లయింది.

ములుగు రోడ్డు వైపు ఉన్న ఆటోనగర్ నుంచి మాకు తెలిసిన మెకానిక్ వచ్చాడు. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 3.8 వోల్టులు చూపింది. పక్కింటివాళ్ల కారు నుంచి జంపర్ కేబుల్స్ వేస్తే వెలగాల్సినవి వెలిగాయి గానీ, వైర్లు తెగినందున ఇంజను అందుకోలేదు. బండిని షెడ్డుకు తీసుకుపోదామని హ్యాండ్ బ్రేక్ దించి నలుగురం నెడితే ముందు చక్రాలు కదిలాయి, వెనక చక్రాలు కదల్లేదు. అతను జాకీ ఎత్తి, వెనక చక్రాలు విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో నెమ్మదిగా కొడుతూ వచ్చాడు. పది నిమిషాల తర్వాత 'టప్' మని ఒక శబ్దం వచ్చి డ్రమ్ము ఊడింది. బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే ముక్కను బ్రేక్ షూ అంటారు. ఆరు నెలలు బిగిసి ఉన్న ఆ షూ, వానాకాలపు చెమ్మకు తుప్పుపట్టిన డ్రమ్ముకు అతుక్కుపోయింది. ఊడేటప్పుడు లైనింగ్ ముక్క ఒకటి షూ నుంచి లేచి డ్రమ్ముకే ఉండిపోయింది. దాన్ని నా చేతిలో పెట్టి, "సార్, బండి నడిపినదానికంటె నిలబెడితెనే ఎక్కువ ఖరాబైతది. నిలబెట్టుడు గూడ ఒక పనే" అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ మాట పాఠంలాగే తగిలింది.

వైరింగ్ పని, కొత్త బ్యాటరీ, బ్రేక్ షూలు, ఇంజన్ ఆయిలు, లోపల శుభ్రం చేయించడం అన్నీ కలిపి ముప్పై వేలకు చేరువైంది. రెండు టైర్లు మార్చాల్సి వచ్చింది. కొద్దిరోజులు నిలబడి చదునైన టైరు కొంత దూరం నడిస్తే వేడెక్కి మళ్లీ గుండ్రమవుతుంది. గాలి లేకుండా నెలల తరబడి ఒకే చోట బరువు మోసిన టైరు మాత్రం ఆ ఆకారాన్ని వదలదు. అరవై కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగ్ వణకడం మొదలయ్యేది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల గుర్తులో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. నావి 2316, అంటే 2016లో 23వ వారం నాటివి. ఆరేళ్లు దాటిన రబ్బరు కనుక బాధ కొంత తగ్గింది.

ఇన్సూరెన్సు నష్టం వేరే. ఆగస్టులో గడువు ముగుస్తుందని తెలిసి కూడా, బండి ఎట్లాగూ రోడ్డెక్కదు కదా అని వదిలేశాను. తిరిగొచ్చి రెన్యువల్‌కు వెళితే, గడువు దాటి 90 రోజులు మించినందున అన్నేళ్లుగా పోగైన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) మొత్తం పోయిందని, బండిని చూసి ఫొటోలు తీసుకున్న తర్వాతే కొత్త పాలసీ ఇస్తామని చెప్పారు. ఇంట్లో కూర్చొని ఫోనులో పది నిమిషాల్లో కట్టగలిగిన డబ్బు అది. బండిని ఎన్ని నెలలు నిలిపినా పాలసీని మాత్రం నిలపకూడదని నా గట్టి అభిప్రాయం. చెట్టు కొమ్మ విరిగి పడటం, నిప్పు అంటుకోవడం, వరద, దొంగతనం వంటివి నిలబడిన బండికి కూడా జరుగుతాయి.

మోటార్ సైకిలు సంగతి తక్కువ నష్టంతో తేలింది. కార్బొరేటర్ కింది గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున లేత బెల్లం పాకంలాంటి జిగురు మిగిలింది. వెంట్రుక మందం ఉండే జెట్ రంధ్రం ఆ జిగురుతో మూసుకుపోయింది. విప్పి కడిగి, గాలి కొట్టించాక నడిచింది.

పక్కింటి అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు. అతను చెప్పిన పని చెప్పినట్లే చేశాడు. పది వారాలు ప్రతి ఆదివారం వచ్చి స్టార్ట్ చేశాడు, పదకొండో వారం సెల్ఫ్ తీసుకోలేదు. తప్పు నేను చెప్పిన పనిలోనే ఉంది. ఈ 'ఐదు నిమిషాల స్టార్ట్' సలహా మన దగ్గర అందరి నోటా వినిపిస్తుంది కనుక, లెక్క వేసి చూపడం అవసరమనిపిస్తున్నది. తాళం వేసి ఉన్న కారులో కూడా గడియారం, అలారం, ఇంజన్ కంప్యూటర్ జ్ఞాపకం వంటివి కొద్దిపాటి కరెంటు తాగుతూనే ఉంటాయి. కొత్త బ్యాటరీ వేశాక నేనే మల్టీమీటర్‌ను నెగటివ్ టెర్మినల్‌కూ వైరుకూ మధ్య కలిపి, తలుపులన్నీ వేసి అరగంట ఆగి కొలిచాను. 30 మిల్లీ ఆంపియర్లు చూపింది. అంటే రోజుకు 0.72, వారానికి సుమారు 5 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ సామర్థ్యం 35. ఏ పనీ చేయకుండా నిలిపినా ఏడు వారాల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది. వారంలో ఖర్చైన 5 ఆంపియర్ అవర్లను ఐదు నిమిషాల్లో తిరిగి నింపాలంటే 60 ఆంపియర్ల కరెంటు బ్యాటరీలోకి పోవాలి. ఊరికే నిలబడి తిరిగే ఇంజను అంత ఇవ్వలేదు, అంత చిన్న బ్యాటరీ తీసుకోలేదు కూడా. అందువల్ల ప్రతి ఆదివారమూ బ్యాటరీ కొంచెం కొంచెంగా అప్పుల్లోకి దిగుతూ వచ్చింది. ఖాళీగా మిగిలిన బ్యాటరీలో పలకల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా అది కరగదు.

బ్యాటరీ ఒక్కటే కాదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూరం నడిచిన బండిలో సైలెన్సర్ వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే అది చల్లటి సైలెన్సర్‌లోనే నీరై నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఇంజన్ ఆయిల్లోకి కూడా చేరుతుంది. నా కారులో ఆయిల్ మూత తీసినప్పుడు దాని అడుగున పాలమీగడలాంటి తెల్లటి పొర కనిపించడానికి కారణం ఇదే. నమ్మకస్తులు ఎవరైనా రెండు వారాలకొకసారి బండిని బయటికి తీసి ఇరవై ముప్పై నిమిషాలు రోడ్డు మీద నడపగలిగితే అంతకంటే మంచిది లేదు. అది వీలు కానప్పుడు అసలు ముట్టుకోకుండా ఉండటమే మేలు.

రెండోసారి వెళ్లడానికి ముందు 2023 జూలై వానలు ఇంకొక సంగతి నేర్పాయి. ఆ నెల 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. వరంగల్, హనుమకొండల్లో నయీంనగర్ నాలా వంటివి పొంగి కాలనీలకు కాలనీలు నీట మునిగాయి, రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా వీధిలో నీళ్లు గేటు కింది కడ్డీ దాకా వచ్చి ఆగాయి. రెండు వీధుల అవతల పల్లంలో ఉన్న బంధువుల కారులో సీట్ల ఎత్తుకు నీళ్లు చేరాయి. నీళ్లు దిగగానే వాళ్లు ఆత్రంగా స్టార్ట్ చేయబోతే, మెకానిక్ ఫోనులోనే ఆపించాడు. ఇంజను సిలిండర్లోకి నీరు చేరి ఉంటే, నీరు గాలిలాగా నలగదు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మేము ఊళ్లో లేని సమయంలో అట్లాంటి వాన వస్తే మా కారు గతి ఏమిటనే ఆలోచన ఆ రోజు నుంచే మొదలైంది. వేసవిలో మేస్త్రీని పిలిచి, పోర్టికో లోపలి సగాన్ని అడుగున్నర ఎత్తు లేపించి, షాబాద్ బండలు పరిపించి, సందులు సిమెంటుతో పూడ్పించాను. బండలు ఎత్తు కోసమే కాదు. పాత నేలలో బండల సందుల్లోంచి లేచిన మట్టి చెమ్మే పట్టా కింద చిక్కి కారును నానబెట్టింది.

2024 ఏప్రిల్ రెండో వారంలో మళ్లీ ప్రయాణం. ఈసారి తిరుగు ప్రయాణం అక్టోబరులో. అంటే 44, 45 డిగ్రీలు తాకే మా ఎండలూ, పూర్తి వానాకాలమూ రెండూ బండ్లు మా పరోక్షంలోనే దాటాలి. బయలుదేరడానికి వారం ముందే పని మొదలుపెట్టాను. మొదట కారును షెడ్డుకు తీసుకుపోయి ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్పించాను. పాత ఆయిలు ఇంకా రెండు వేల కిలోమీటర్లు వచ్చేది, అయినా మార్పించాను. వాడిన ఆయిల్లో మంట వల్ల పుట్టిన ఆమ్లాలు, చెమ్మ ఉంటాయి. ఆరు నెలలు అవి బేరింగుల మీద కూర్చోవడం మంచిది కాదు. తిరిగి వచ్చాక ఎట్లాగూ మారుస్తాము కదా అని చాలామంది వాయిదా వేస్తారు, నిలపడానికి ముందు మార్చడంలోనే ప్రయోజనం ఉంది. బ్రేక్ ఆయిలుకు రెండేళ్లు నిండటంతో అదీ మార్పించాను. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. రేడియేటర్లో బోరు నీళ్లు పోసే అలవాటు మా వైపు ఇంకా ఉంది. ఇక్కడ నీరు గడ్డకట్టే చలి లేదు గనుక కూలెంట్ ఎందుకని అడుగుతారు. కూలెంట్‌లో తుప్పును ఆపే మందు ఉంటుంది, మా బోరు నీళ్లలో తెల్లటి సున్నపు పొర ఉంటుంది. ఏది మంచిదో వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత పెట్రోలు. ట్యాంకు ఖాళీగా ఉంచాలా నింపాలా అన్నదాని మీద ఎవరిని అడిగితే వాళ్లు ఒక మాట చెప్పారు. నేను నింపించాను. మనకు దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుపుతారు. 2022 నాటికి సగటున 10 శాతానికి చేరిన ఈ కలయిక ఆ తర్వాత 20 శాతం దిశగా పెరుగుతూ వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువుంటే అంత తేమ గాలి రాత్రి చల్లబడినప్పుడు లోపల చుక్కలు కడుతుంది. నిండుగా ఉంటే గాలికి చోటు ఉండదు. నింపించాక పది కిలోమీటర్లు నడిపి, కొత్త పెట్రోలు ఇంజెక్టర్ల దాకా వెళ్లేలా చూశాను. టైర్లలో 32 పీఎస్ఐ ఉండాల్సిన గాలిని 40కి పెంచాను. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ హద్దును దాటకూడదు. తిరిగి రోడ్డెక్కే ముందు తగ్గించాలి.

ఇంటికి వచ్చి పైనా కిందా కడిగి, చక్రాల తోరణాల్లో పేరుకున్న నల్లరేగడి మట్టిని పైపుతో పూర్తిగా కొట్టించాను. తడిని పట్టి ఉంచే ఆ మట్టే రేకును తింటుంది. ఒక రోజంతా ఎండలో తలుపులు తెరిచి ఆరబెట్టి, మైనపు పాలిష్ పెట్టి, లోపల పిప్పరమెంటు కాగితం ముక్క కూడా మిగలకుండా వ్యాక్యూమ్ చేయించాను. తర్వాత ఎత్తు చేసిన నేల మీదికి ఎక్కించి, మొదటి గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా ఇటుకలు ఆనించాను. డిక్కీలో ఉన్న సామాను అంతా తీసేశాను. మా కారు డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది, బ్యాటరీ తీశాక ఇక తెరుచుకోదు.

బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి. పెట్టేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్. కారు రేకు మొత్తం నెగటివ్‌తో కలిసి ఉంటుంది. ముందే పాజిటివ్ విప్పబోతే, చేతిలోని పానా జారి రేకుకు తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. తీసిన బ్యాటరీని పూర్తిగా చార్జింగ్ పెట్టించి, ఇంట్లో చల్లగా ఉండే వెనక గదిలో ఉంచాను. ఆ రోజు 12.7 వోల్టులు చూపింది. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12కు దిగితే పావు మిగిలినట్లు లెక్క. వేడి పెరిగినకొద్దీ బ్యాటరీ తనంతట తానే దిగిపోయే వేగం పెరుగుతుంది కనుక, ఏప్రిల్, మే నెలల్లో బానెట్ కింద వదలడం కంటే గదిలో పెట్టడం ఎంతో నయం. బండల మీద పెడితే చార్జి దిగిపోతుందని మా ఇంట్లో పెద్దవాళ్లు చెక్క వెయ్యమన్నారు. అది పాతకాలపు రబ్బరు పెట్టె బ్యాటరీల నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తించదు. అయినా వాళ్ల మాట తీసేయలేక చెక్క వేశాను.

ఎలుకల విషయంలో నాకు తెలిసినవాళ్లు చెప్పిన మందులు లెక్కలేనన్ని. పొగాకు కాడలు కట్టమన్నవారు, డాంబర్ గోలీలు వేయమన్నవారు, మిరియాల నీళ్లు చల్లమన్నవారు ఉన్నారు. వాసన రెండు మూడు వారాల్లో ఆరిపోతుంది, ఎలుక ఆరు నెలలూ ఉంటుంది. నేను ముందుగా పోర్టికోలోంచి గింజ మిగలకుండా బస్తాలన్నీ తీయించి తమ్ముడి ఇంటికి పంపాను. గాలి లోపలికి పీల్చే గొట్టానికీ సైలెన్సర్ మూతికీ సన్నకన్నుల ఇనుప జాలీ చుట్టి తీగతో బిగించాను. బానెట్‌ను మూయకుండా, కడ్డీ మీద పూర్తిగా లేపి వదిలాను. ఎలుకకు కావలసింది చీకటి, ముడుచుకునే చోటు. వెలుతురు, గాలి ఆడే చోట అది కాపురం పెట్టదు. కొందరు దీన్ని వింతగా చూశారు గానీ, నేను చేసిన వాటన్నిటిలో ఇదే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. అద్దాల నుంచి వెనక భాగానికి మాత్రం నూలు గుడ్డ కవరు వేశాను, ప్లాస్టిక్ పట్టా జోలికి పోలేదు. చివరగా ఒక తెల్ల కాగితం మీద 'సైలెన్సర్ జాలీ, గాలి గొట్టం జాలీ, బ్యాటరీ, టైరు గాలి, ఇటుకలు. ఇవి చూడకుండా తాళం తిప్పవద్దు' అని పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కు అంటించాను. ఆరు నెలల తర్వాత, ప్రయాణపు బడలికలో, మూతి కట్టిన బండిని స్టార్ట్ చేసే ప్రమాదం నిజంగా ఉంది.

మోటార్ సైకిలుకు ట్యాంకు నింపాను, ఇనుప ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల తుప్పు పడుతుంది. పెట్రోల్ కాక్ మూసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, మిగిలిన చుక్కల కోసం కార్బొరేటర్ కింది స్క్రూ వదులు చేసి గిన్నె ఖాళీ చేశాను. గొలుసుకు గ్రీజు రాసి, సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ప్లగ్గు విప్పి ఒక చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి, కిక్కు నాలుగుసార్లు నెమ్మదిగా తొక్కి ప్లగ్గు బిగించాను.

ఈ పనులన్నీ నాకు కొత్తగా తోచాయి గానీ, ఊళ్లో మా తమ్ముడు ట్రాక్టరు విషయంలో ఏళ్లుగా ఇదే చేస్తున్నాడు. దున్నకాలు ముగిశాక నెలల తరబడి నిలిచే బండి అది. ఒకసారి దగ్గరుండి చూశాను. గొర్రును గాలిలో వేలాడనీయకుండా నేలకు దించాడు, డీజిల్ ట్యాంకు నిండా పోశాడు, ఫిల్టరు గిన్నె అడుగున చేరిన నీటిని వదిలాడు, నిలువు సైలెన్సర్ మీద పాత పాల పొడి డబ్బా బోర్లించాడు. తర్వాత క్లచ్ పెడలును కిందికి తొక్కి, అది లేవకుండా ఒక తుమ్మ చెక్క మొద్దును అడ్డం పెట్టి తాడు కట్టాడు. ఎందుకని అడిగితే, "అన్నా, గట్ల పెట్టకపోతె వానలకు క్లచ్ ప్లేటు అతుక్కుంటది. మల్ల ట్రాక్టరును రెండు ముక్కలు చేసి విప్పాలె" అన్నాడు. నా కారు బ్రేక్ షూ డ్రమ్ముకు అతుక్కున్న తీరు వెంటనే మనసులో మెదిలింది. మా ఊళ్లోనే ఉన్న ఈ జ్ఞానాన్ని 2022లో నేను ఒక్క ఫోనుతో తెచ్చుకోగలిగేవాణ్ని.

హనుమకొండలో డిగ్రీ చదువుతున్న తమ్ముడి కొడుక్కి ఈసారి పని అప్పగించాను. నెలకొకసారి రావాలి, ఇంజను ముట్టుకోకూడదు. నాలుగు టైర్లకూ నేలకు ఆనిన చోట చాక్‌పీసుతో గీత గీశాను. వాడు వచ్చినప్పుడల్లా గేరు తీసి, ఇటుకలు జరిపి, గీత పక్కకు తిరిగేలా బండిని జానెడు నెట్టి, మళ్లీ గేరులో వేసి ఇటుకలు ఆనించి, ఫొటో పంపాలి. బానెట్ కింద టార్చి వేసి ఎలుక పెంటికలు, కొరుకుళ్లు ఉన్నాయేమో చూడాలి. ఎండ రోజున గంటసేపు తలుపులు తెరిచి ఉంచాలి. జూలైలో ఒకసారి బ్యాటరీని తీసుకుపోయి చార్జింగ్ పెట్టించాలి. ఇన్సూరెన్సు నేను అక్కడి నుంచే కట్టాను. ఆగస్టులో ఒక ఆదివారం వాడు ఫోను చేసి, "పెద్దబాపూ, బానెట్ మూల కందిరీగలు మట్టి గూడు పెడుతున్నయి, తీసేయాల్నా?" అని అడిగాడు. గూడు ఉన్నది గాలి గొట్టం మూతి పక్కనే. జాలీ లేకపోతే అది గొట్టంలోపలే పెట్టేది.

అక్టోబరు మూడో వారంలో తిరిగొచ్చి, రెండు రోజులు నిద్ర తీరాక, కాగితంలో రాసుకున్న క్రమంలోనే ఒక్కొక్కటీ విప్పాను. బ్యాటరీ 12.5 చూపింది. పెట్టే ముందు ఒక రాత్రి చార్జింగ్‌లో ఉంచాను. ఆయిలు, కూలెంట్, బ్రేక్ ఆయిలు మట్టాలు చూసి, బండి కింద నేల మీద చుక్కలు పడ్డాయేమో చూశాను. తాళం మొదట సగం తిప్పి, పెట్రోల్ పంపు సన్నగా మోగి ఆగేదాకా నిలిచి, అట్లా రెండుసార్లు చేసి మూడోసారి పూర్తిగా తిప్పాను. ఇంజను రెండో చుట్టుకే అందుకుంది. కిటికీ అద్దాల ఆటోమేటిక్ పద్ధతి మరిచిపోయింది, ఒకసారి పూర్తిగా దించి ఎత్తితే సరిపోయింది. గేటు దాటుతూ బ్రేకు నొక్కితే ముందు డిస్కుల మీది పలుచని తుప్పు గరగరలాడింది. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పదిసార్లు బ్రేకు వేశాక ఆ చప్పుడు పోయింది. గాలిని 32కు తగ్గించుకొని పరకాల దాకా వెళ్లివచ్చాను. అరవై దాటినా స్టీరింగ్ వణకలేదు. మోటార్ సైకిలు మూడో కిక్కుకు అందుకొని, ప్లగ్గులో పోసిన ఆయిలు మండేదాకా రెండు నిమిషాలు తెల్లటి పొగ వదిలింది.

లోపాలు రెండు కనిపించాయి. బానెట్ లేపి ఉంచినందున గుడ్డ కవరు అద్దం కింది అంచు దాకా అందలేదు. మే నెల ఎండ పక్క నుంచి పడి వైపర్ల రబ్బరు గట్టిపడి, మొదటి వానకే అద్దాన్ని గీసింది. వైపర్ కడ్డీలను లేపి, రబ్బర్లను తీసి లోపల పెడితే సరిపోయేది. ఏసీ వేయగానే మొదటి రోజు ముక్కవాసన వచ్చింది. వెళ్లే ముందు చివరి పది నిమిషాలు ఏసీ ఆపి, ఫ్యాను మాత్రమే తిప్పి లోపలి తడిని ఆరబెట్టాల్సిందని మెకానిక్ చెప్పాడు. ఈ రెండింటినీ స్టీరింగ్‌కు అంటించిన ఆ కాగితం వెనక వైపు రాసి, మడిచి, పాలసీ కాగితాలతో పాటు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.